తాత్కాలిక కోచ్ ఓడిపోయిన ఆట

నేపర్‌విల్‌లోని మా ఇంటికి ఈ మధ్య ఒక రకం అతిథులు తరచుగా వస్తున్నారు. కూతురో కొడుకో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతానని పట్టుబడితే, తల్లిదండ్రులు వాళ్లను కారెక్కించుకుని నా దగ్గరికి తీసుకొస్తారు. కాఫీ అయ్యాక, "మీరు ఆ ఫీల్డ్‌లోనే చేశారు కదండీ, ఉన్నదున్నట్టు చెప్పండి" అంటారు. ఉన్నదున్నట్టు చెప్పడమంటే వాళ్ల దృష్టిలో మాన్పించడం. నేను మాన్పించను. అలాగని ఊరించను కూడా. ఆ పిల్లలకు ఒక్క విడతలో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

నేను అకౌంటింగ్‌లో మాస్టర్స్ చేయడానికి విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద ఈ దేశం వచ్చాను. ఆ వీసాతో క్యాంపస్ దాటి పనిచేయడానికి వీల్లేదు కనుక, విశ్వవిద్యాలయం స్టేడియంలో టికెట్ల కౌంటర్‌లో కూర్చున్నాను. నాతో చదివినవాళ్లు కంపెనీలకు వెళ్లారు. నేను ఆ కౌంటర్ వెనక తలుపులోంచి లోపలికి వెళ్లి, అదే క్రీడా విభాగంలో డిప్యూటీ డైరెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. మధ్యలో వచ్చిన హోదాల సంగతి వదిలేస్తున్నాను. అవి మా ఆయన మూర్తికి కూడా గుర్తులేవు. మనుషుల పేర్లు మార్చాను, విశ్వవిద్యాలయం పేరు రాయను. తేదీలన్నీ నా డైరీల్లో ఉన్నాయి, వాటితో మీకు పనిలేదు. ఇంగ్లీషులో జరిగిన మాటలను తెలుగులో పెడుతున్నాను.

చేసిన పనుల్లో దేన్ని చూసి ఇప్పటికీ తృప్తిపడతావని అడిగితే నా సమాధానం ఒకటే. ఒక తాత్కాలిక ఫుట్‌బాల్ కోచ్‌ను ఆ కుర్చీలో ఖాయం చేయించాను. అది ఎలా జరిగిందో చెబితే ఈ వృత్తి దాదాపు మొత్తం చెప్పినట్టవుతుంది.

అధికారం లేని పెత్తనం

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేతుల్లో ఇరికించుకుని అవతలి వాళ్లను గుద్దుకుంటూ వెళ్లే ఆట. మా దగ్గర ఆ ఒక్క ఆట సంపాదనతోనే ఈత, కుస్తీ, అమ్మాయిల వాలీబాల్ వంటివన్నీ నడిచేవి. అందుకని హెడ్ కోచ్ కుర్చీ కదిలితే మైదానానికి సంబంధం లేని ఎంతోమందికి నిద్ర పట్టదు.

మా పై అధికారి మార్లీన్, అథ్లెటిక్ డైరెక్టర్. నేను చూసిన అధికారుల్లో అందరికన్నా ధైర్యం గల మనిషి. నిర్ణయం తొందరగా తీసుకునేది, కాగితాలు ఆలస్యంగా చదివేది. రెండూ తిరగబడి ఉంటే గొప్ప అధికారి అయ్యేదని ఆమెతోనే అన్నాను, నవ్వి ఊరుకుంది. ఆ ఏడాది అక్టోబరు మధ్యలో, వరుస ఓటముల తరువాత ఒక ఆదివారం ఉదయం ఆమె హెడ్ కోచ్‌ను తొలగించింది. సీజన్ ముగిసేవరకు జట్టును చూసుకొమ్మని గ్రిగ్స్‌కు అప్పగించింది.

గ్రిగ్స్ అప్పటిదాకా ముందు వరుస ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చే సహాయ కోచ్. ఈ దేశపు దక్షిణ రాష్ట్రాలవాడు, భారీ మనిషి, ఏభై దాటాయి. అందరూ నన్ను వీజే అంటే, అతను మాత్రం తన ప్రాంతపు మర్యాదతో "మిస్ వీజే" అనేవాడు. అతని ఫోన్‌లో వాయిస్ మెయిల్ ఎప్పుడూ నిండిపోయి ఉండేది. దాతల పేర్లు తారుమారు చేసేవాడు. మీరిద్దరూ అన్నదమ్ములా అని ఒకసారి ఒక దాతనూ ఆయన కొడుకునూ అడిగాడు.

తాత్కాలిక కోచ్ పరిస్థితి ఎలాంటిదో కొత్తవాళ్లు ముందు అర్థం చేసుకోవాలి. పని అంతా అతనిదే, రేపటి మీద మాత్రం అతనికి హక్కు లేదు. హైస్కూలు ఆటగాళ్ల ఇళ్లకు వెళ్లి మా దగ్గర చేరమని అడగాలి. "వచ్చే ఏడాది మీరు అక్కడ ఉంటారా?" అని తల్లి అడుగుతుంది. "తెలియదమ్మా" అనడం తప్ప అతని దగ్గర జవాబు ఉండదు. తరువాత ఎవరో వస్తారు, తన మనుషుల్ని తెచ్చుకుంటారు, ఇతనూ ఇతని సహాయకులూ ఇళ్లు అమ్ముకుని మరో ఊరు వెతుక్కోవాలి. గ్రిగ్స్‌కు ఆ శరదృతువులో పణంగా ఉన్నది ఇదే. అతనికి ఆ కుర్చీ కావాలి. ఆ కోరికను దాచుకోలేదు కూడా.

గెలుపు మీద అనుమానం

గ్రిగ్స్ చేతిలోకి రాగానే జట్టు వరుసగా మూడు ఆటలు గెలిచింది. లాకర్ రూమ్‌లో పాటలు మొదలయ్యాయి. మూడో గెలుపు తరువాతి సోమవారం మార్లీన్ నా గదిలోకి వచ్చి నిలబడే చెప్పింది.

"ఈ వారమే ఖాయం చేసేద్దాం వీజే. వెతుకులాట ఖర్చు కూడా మిగులుతుంది."

"మూడు ఆటలు చూసి ఎవరినీ నియమించకూడదు" అన్నాను.

"నువ్వు మూర్తిని ఎన్నిసార్లు చూసి పెళ్లి చేసుకున్నావు?"

"ఒక్కసారే. అందుకే చెబుతున్నాను."

అప్పుడు నా మాటకు బలంగా నిలిచింది నేహ. మా విభాగంలో గణాంకాలు చూసే అమ్మాయి, ఇక్కడే నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది, వాళ్లమ్మ నాకు స్నేహితురాలు. ఇంటికి వస్తే నేను ఆంటీని. ఆఫీసులో అందరూ అందరినీ పేరుతో పిలుస్తారు, బాస్‌ను కూడా. నేహకు నా పేరు నోట్లోంచి వచ్చేది కాదు. మీటింగుల్లో నన్ను ఏమీ అనకుండా, నా వైపు చూసి గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. మేమిద్దరమే ఉంటే మాత్రం తెలుగు.

"ఆంటీ, లాస్ట్ త్రీ గేమ్స్‌లో టూ టీమ్స్ చాలా వీక్. ఇంకోదాంట్లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌కి ఫ్లూ. ఇది కోచింగ్ అని నేను చెప్పలేను."

"ఆఫీసులో ఆంటీ అనకు."

"సారీ ఆంటీ."

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ముఖ్య ఆటగాడు. ఆమె లెక్క సరైనదే. కోచ్‌ను తీసేశాక ఏ జట్టైనా కొన్నాళ్లు తేలికపడుతుంది. భయపెట్టిన మనిషి లేడు, కొత్త మనిషి ఇంకా భయపెట్టలేదు. ఆ తేలికదనాన్ని చూసి ఉద్యోగం రాసిచ్చిన కాలేజీలు ఆ తరువాత చాలా ఏళ్లు పశ్చాత్తాపపడటం నేను చూశాను. ఆఖరి ఆట దాకా ఆగుదామని మార్లీన్‌ను ఒప్పించాను. పొరుగు విశ్వవిద్యాలయంతో మా మైదానంలో జరిగే ఆ ఆటను ఊళ్లో అందరూ ఏడాదంతా తలుచుకుంటారు. అది గెలిస్తే గ్రిగ్స్‌కు ఉద్యోగం వచ్చినట్టేనని అతనితో సహా అందరికీ తెలుసు.

దింపని ఆటగాడు

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. కాలేజీ ఆటగాడికి నాలుగు సీజన్లు ఆడే అర్హత ఉంటుంది. ఒక సీజన్‌లో నాలుగు ఆటలకు మించి దిగకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు, ముందున్న నాలుగూ భద్రంగా ఉంటాయి. అయిదో ఆటలో ఒక్క నిమిషం దిగినా ఒక ఏడాది ఖర్చయిపోతుంది. నేను పనిచేసినప్పటి నియమం ఇది.

మా జట్టులో డెవాన్ అని మొదటి ఏడాది కుర్రవాడు ఉన్నాడు, బంతి తీసుకుని పరుగెత్తే ఆటగాడు. అతని వేగం చూసి ప్రత్యర్థి కోచ్‌లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. పాత కోచ్ అతన్ని మూడు ఆటల్లో చివరి కాసేపు దింపి, ఆ నాలుగింటిలో మూడు వృథా చేశాడు. గ్రిగ్స్ ఒక ఆటలో ఆడించాడు. అంటే నాలుగూ అయిపోయాయి.

ఆఖరి ఆట మొదటి సగంలోనే మా ప్రధాన పరుగు ఆటగాడి మోకాలు బెణికింది. డెవాన్ హెల్మెట్ పెట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. విద్యార్థులు అతని జెర్సీ నంబరు అరవడం మొదలుపెట్టారు. పైన అద్దాల గదిలో నా పక్కన క్రాండల్ కూర్చుని ఉన్నాడు. వ్యవసాయ యంత్రాల వ్యాపారి, మా దాతల్లో పెద్దవాడు, సొంత విమానం ఉన్నవాడు.

"ఆ కుర్రాణ్ణి ఎందుకు దింపడు?" అన్నాడు.

"అతనికి నాలుగు ఆటలు అయిపోయాయి."

"అయితే? ఇది ఆఖరి ఆటే కదా. ఎవరి కోసం దాస్తున్నాడు?"

అది నిజంగా మంచి ప్రశ్న.

గ్రిగ్స్ పరుగు ఆటగాళ్లలో అందరికన్నా వెనకున్న ఇంకో అబ్బాయిని దింపాడు. ఆ అబ్బాయి బాగానే పరుగెత్తాడు, చివర్లో ఒకసారి బంతి జారవిడిచాడు. దానికి తోడు, ఆట ఆపి ఆలోచించుకోవడానికి జట్టుకు దొరికే అవకాశాలను గ్రిగ్స్ ముందే వాడేసుకున్నాడు. మేము మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాము. జనం మెట్లు దిగుతూ అతన్ని తిట్టిన తిట్లు గదిలోకి వినిపించాయి. క్రాండల్ కోటు తొడుక్కుంటూ, "విమానం సిద్ధంగా ఉంచమంటాను, మార్లీన్‌కు చెప్పు" అన్నాడు.

కూరగాయల పేర్లు

కోచ్‌ల వెతుకులాటలో గోప్యత గురించి మా వాళ్లకుండే పట్టింపు దేశ రక్షణ వాళ్లకు కూడా ఉండదనుకుంటాను. అభ్యర్థి ఇంకో చోట ఉద్యోగంలో ఉంటాడు. మాతో మాట్లాడుతున్నట్టు బయటపడితే అక్కడా చెడుతుంది, ఇక్కడా చెడుతుంది. అందుకని ఒక్కొక్కరికి మారుపేరు పెడతారు. ఎవరూ ఊహించలేని పేర్లు చెప్పమని మార్లీన్ నన్నడిగితే వంకాయ, బీరకాయ, దోసకాయ అని ఇచ్చాను. ఆమె వాటిని చాలా గంభీరంగా పలికేది. "బీరకాయ జీతం విషయంలో పట్టుగా ఉన్నాడు" అని ఆమె ఫోన్‌లో చెబుతుంటే మా వంటింట్లో మూర్తి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

అంత జాగ్రత్తపడి, బీరకాయను తీసుకురావడానికి క్రాండల్ సొంత విమానం పంపారు. ఆ విమానం తోక మీద నంబరు మా ఊరి అభిమానులకు తమ కారు నంబరు కన్నా బాగా తెలుసు. ఏ విమానం ఎక్కడుందో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. అది ఏ ఊళ్లో దిగిందో చూశారు, ఆ ఊళ్లో కోచ్ ఎవరో చూశారు. విమానం తిరిగి వచ్చేసరికి మా చిన్న విమానాశ్రయం కంచె దగ్గర జెండాలతో నిలబడ్డారు.

మధ్యాహ్నం మూర్తి ఫోన్ చేశాడు. "మీ బీరకాయను టీవీలో చూపిస్తున్నారు. మనిషి బాగానే ఉన్నాడు."

"నవ్వే విషయం కాదండీ."

"నేను నవ్వట్లేదు. గ్రిగ్స్ చూస్తుంటాడు కదా అని."

చూశాడు. ఆటగాళ్లూ చూశారు. హెడ్ కోచ్ మారితే ఆటగాళ్లు వేరే కాలేజీకి వెళ్లడానికి పేరు నమోదు చేసుకునే అవకాశం తెరుచుకుంటుంది. మేము నాన్చే ప్రతి రోజూ ఎవరో ఒకరు పేరు నమోదు చేసుకుంటున్నారు. ఆ సాయంత్రం నేను గ్రిగ్స్ గదికి వెళ్లాను. అతను కుర్చీలో వెనక్కి వాలి, హైస్కూలు ఆటగాళ్ల వీడియోలు చూస్తున్నాడు.

"ఎవరి కోసం చూస్తున్నారు?" అన్నాను.

"వచ్చేవాడి కోసం. మంచి పిల్లల పేర్లు తీసి పెడితే వాడికి పని తగ్గుతుంది."

"విమానం సంగతి మీకు ముందే చెప్పవలసింది. మార్లీన్ రేపు స్వయంగా మాట్లాడుతుంది."

"క్రాండల్ గారి విమానం కదా. చాలా అందంగా ఉంటుంది. నన్నెప్పుడూ ఎక్కించలేదు."

నేను సూటిగా అడిగాను. "డెవాన్‌ను ఎందుకు దింపలేదు?"

"అడిగాడు, మిస్ వీజే. రెండుసార్లు అడిగాడు. రెండోసారి కళ్లలో నీళ్లు. వాడి వయసు పద్దెనిమిది. శనివారం స్టేడియం నిండా జనం వాడి నంబరు అరుస్తుంటే, ప్రాణం ఇమ్మన్నా ఇచ్చేస్తాడు. వద్దని చెప్పడానికే నాలాంటి ముసలివాణ్ణి పక్కన పెడతారు."

"గెలిచి ఉంటే ఈ గది మీది."

"మీరు లెక్కల మనిషి, మీకు నేను చెప్పాలా. ఇరవై నిమిషాల కోసం ఒక ఏడాది. నా ఏడాది అయితే ఇచ్చేవాణ్ణి."

మళ్లీ వీడియో మొదలుపెట్టాడు. "కూర్చోండి, ఈ పిల్లవాడి కాళ్లు చూడండి" అన్నాడు. కూర్చుని చూశాను. కాళ్ల గురించి నాకేమీ తెలియదు.

బల్ల దగ్గర

మరుసటి రోజు ఎంపిక సంఘం కూర్చుంది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, మార్లీన్, ఇద్దరు ప్రొఫెసర్లు, క్రాండల్, నేను. బీరకాయ పొద్దున్నే మాతో మాట్లాడి వెళ్లాడు. అతను మంచి కోచ్, ఇప్పటికీ అంటాను. తయారై వచ్చాడు, మా ఆటగాళ్ల పేర్లు నేర్చుకుని వచ్చాడు. నా వంతు వచ్చినప్పుడు, ఆఖరి ఆటలో డెవాన్‌ను మీరైతే ఏం చేసేవారని అడిగాను. దాచకుండా చెప్పాడు. "దింపేవాణ్ణి. ఆదివారం తల్లిదండ్రులతో మాట్లాడుకునేవాణ్ణి." అతని నిజాయితీ నాకు నచ్చింది. జవాబు నచ్చలేదు.

"గ్రిగ్స్ పెద్ద ఆట గెలవలేడు. కళ్లారా చూశాం" అన్నాడు క్రాండల్.

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "మొదట మూడు ఆటలు గెలిచినప్పుడు వద్దన్నది మీరే. ఓడిపోయాక కావాలంటున్నారట. నాకు అర్థం కావడం లేదు."

"గెలిచిన మూడు ఆటల్లో నాకు అతని గురించి ఏమీ తెలియలేదు" అన్నాను. "ఓడిన ఆటలో తెలిసింది. మనం ఆ మనిషికి జట్టును ఇచ్చి, రేపు నీది కాదని చెప్పాము. రేపు లేనివాడు చేతిలో ఉన్నదంతా వాడేస్తాడు. నేనైనా వాడేస్తాను. అతను గెలవడానికి అవసరమైన ఆటగాణ్ణి పక్కన నిలబెట్టి, ఆ కుర్రవాడి ఏడాదిని తరువాత వచ్చేవాళ్ల కోసం మిగిల్చాడు. మనం పెట్టగలిగిన పరీక్షల్లో దీన్ని మించినది నాకు తెలియదు. ఇది మనం కావాలని పెట్టినది కూడా కాదు."

"పొగడ్తలు చాలు, తప్పులు చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

చెప్పాను. ఫోన్ ఎత్తడు. దాతల పేర్లు తప్పుతాడు. ఆట చివర్లో సమయం ఎలా వాడుకోవాలో అతనికి తెలియదు. నేహ తీసిన అంకెలు ముందు పెట్టాను, అవి అతనికి ఏమాత్రం అనుకూలంగా లేవు. "ఆ ఒక్క పనికి పక్కన ఒక మనిషిని పెడదాం. గడియారం చూడటం నేర్పగలం. వద్దని చెప్పగలగడం ఈ వయసులో ఎవరికీ నేర్పలేం."

క్రాండల్ బల్ల మీద పెన్ను దొర్లించాడు. "మా నాన్న ఆరోగ్యం ఎలా ఉందని నన్నడిగాడు ఒకసారి. మా నాన్న పోయి చాలా ఏళ్లైంది."

"నేర్చుకుంటాడు."

"నేర్చుకోడు" అన్నాడు. తరువాత ఓటు అడిగితే అభ్యంతరం లేదన్నాడు. అంతకన్నా ఎక్కువ ఆయన ఎవరికీ ఇవ్వడు.

అయిపోయిందనుకుంటే పొరపాటే. మార్లీన్ రెండేళ్ల ఒప్పందం రాయమంది. బీరకాయకైతే అయిదేళ్లు అనుకున్నాము.

"ఇంటి మనిషే కదా వీజే. రెండేళ్లిచ్చినా సంతకం పెడతాడు."

"పెడతాడు. అందుకే ఇవ్వకూడదు."

ఇందులో దయాదాక్షిణ్యాలు లేవు. కొడుకును నాలుగేళ్ల చదువుకు పంపే తల్లి కోచ్ ఒప్పందం ఎన్నేళ్లో తప్పకుండా అడుగుతుంది. రెండు అంటే లేచి కాఫీ కప్పులు తీసేస్తుంది. సొంత మనిషిని చవగ్గా తెచ్చుకున్నామని సంతోషపడే సంస్థ, ఆ మనిషి నమ్మకంగా ఉన్నందుకు జరిమానా వేస్తున్నట్టు. ఆ గంట సేపు మార్లీన్‌తో నేను గొంతు పెంచి మాట్లాడాను, ఆమె దగ్గర పనిచేసిన పదకొండేళ్లలో అదొక్కసారే. ఆమె కాగితం చదివింది, ఈసారి ముందుగానే. అయిదేళ్లు రాయించింది.

ఇద్దరం వెళ్లి గ్రిగ్స్‌కు చెప్పాము. అతను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, "నాతో పనిచేసిన వాళ్ల సంగతి?" అన్నాడు. ఎవరిని ఉంచుకోవాలో నీ ఇష్టమని మార్లీన్ చెప్పింది. వారంలో వాళ్లలో ఇద్దరిని తనే పంపేశాడు. ఇద్దరూ అతని స్నేహితులే. ఖాయమైన ఉద్యోగంలో అతను చేసిన మొదటి పని అది. నేను అది కూడా మంచి గుర్తుగానే డైరీలో రాసుకున్నాను.

వసంతం

ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. తాత్కాలికంగా పనిచేస్తున్న మనిషిని తూచవలసి వచ్చినప్పుడు, అతను ఏం సాధించాడన్నది అందరూ చూస్తారు, మీరూ చూడండి. దానితోపాటు, తనకు దక్కకపోవచ్చని తెలిసిన దాన్ని ఎలా చూసుకున్నాడో చూడండి. అది ఏ స్కోరుబోర్డు మీదా కనబడదు, వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి ఆ మనిషి గదికి నడిచి వెళ్లడమే మన ఉద్యోగం. మిగతాది కాగితం పని.

ఒప్పందం కుదిరాక గ్రిగ్స్ వెళ్లిన ఇళ్లలో చాలామంది అతన్ని నమ్మి పిల్లల్ని పంపారు. డెవాన్ మాత్రం ఉండలేదు. ఏప్రిల్‌లో ఒక పెద్ద విశ్వవిద్యాలయం పిలిస్తే, మిగిలిన నాలుగేళ్ల అర్హతనూ పట్టుకుని అక్కడికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు గ్రిగ్స్ గదిలో అరగంట కూర్చున్నాడని విన్నాను. నేహ నా గదికి వచ్చి తలుపు మూసింది.

"ఆంటీ, ఐ ఫీల్ సో బ్యాడ్. కోచ్ వాడి కోసం అంత చేస్తే, వాడు వెళ్లిపోయాడు."

"వాడు ఉంటాడని చేయలేదమ్మా" అన్నాను. ఆ రోజు ఆంటీ అనవద్దని చెప్పలేదు.

మధ్యాహ్నం క్రాండల్ ఫోన్ వచ్చింది. పలకరింపులేమీ లేవు.

"వీజే, ఆ రోజు బల్ల దగ్గర నువ్వు చెప్పిన కారణం సామాను సర్దుకుని వెళ్లిపోయిందట కదా."

నా కిటికీలోంచి ప్రాక్టీసు మైదానం కనిపిస్తుంది. గ్రిగ్స్ మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, కొత్తగా చేరిన ఒక కుర్రవాడికి అడుగు ఎక్కడ వేయాలో చూపిస్తున్నాడు.

"లేదండీ" అన్నాను. "ఇక్కడే ఉంది. ప్రాక్టీసు చేయిస్తోంది."